ఏ నిర్ణయాన్నీ ఫోనుకు అప్పగించకండి: మొబైల్ క్లౌడ్ భద్రతపై మీ ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్న మీ ముగ్గురూ మీ ఊళ్లోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కోసం ఫోను యాప్ తయారుచేస్తున్నారు. రక్తపరీక్షల రిపోర్టులు, స్కాన్‌లు క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకున్న సర్వర్లలో ఉంటాయి, రోగులు తమ ఫోనులో చూసుకుంటారు. పాఠ్యపుస్తకంలో మొబైల్ క్లౌడ్ కంప్యూటింగ్ భద్రతా సవాళ్లంటూ చాలా పేర్లు వరసగా ఇచ్చారు గాని, వాటిలో నిజంగా కొంప ముంచేవి ఏవో తెలియడం లేదు. పెద్ద కంపెనీ క్లౌడ్ తీసుకుంటే భద్రత సంగతి వాళ్లే చూసుకుంటారని సెంటర్ యజమాని అంటున్నారు. అసలు క్లౌడ్ వద్దు, సెంటర్‌లోనే ఒక సర్వర్ పెట్టుకుందామని మీలో ఒకరి వాదన. ఇలాంటి యాప్‌లకు సర్వర్ వైపు పని చేస్తూ, ఇతరులు తయారుచేసినవాటిని పరీక్షిస్తూ చాలా ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. అందుకని కొంచెం వివరంగానే రాస్తాను.

సూటిగా చెబుతాను. క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్‌లోకి చొరబడి సమాచారం ఎత్తుకుపోయిన ఉదంతాలు అరుదు. నేను చూసినంతలో, బయటపడ్డ సమాచారం యాప్ తయారుచేసినవాళ్ల ఏర్పాట్లలోని లోపాల వల్లే ఎక్కువగా బయటపడింది. ఆ లోపాల వెనక తరచూ ఒకే ఆలోచన కనిపిస్తుంది: ఫోనులో నడుస్తున్నది మన యాపే కాబట్టి అది చెప్పేది నిజమని సర్వర్ నమ్మడం. యాప్ మీరు రాసిందే అయినా ఫోను మీది కాదు. దాన్ని ఎవరు ఎలా మార్చుకున్నారో, అందులో ఇంకేమేమి నడుస్తున్నాయో మీకు తెలిసే దారి లేదు. కాబట్టి ఎవరు ఏది చూడవచ్చు, ఎవరు ఏది మార్చవచ్చు అన్న నిర్ణయం ఒక్కటి కూడా ఫోనుకు వదిలిపెట్టకూడదు.

మీ పుస్తకం అలా ఎందుకుందో కూడా చెబుతాను. 2009 ప్రాంతంలో ఫోను ప్రాసెసర్ బలహీనం, బ్యాటరీ చిన్నది. బరువైన లెక్కలను పెద్ద కంప్యూటర్‌కు పంపి ఫలితం మాత్రం వెనక్కి తెచ్చుకోవడం ఎలా అన్నది అప్పటి పరిశోధకుల ప్రశ్న. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మహదేవ్ సత్యనారాయణన్, ఆయన సహచరులు ఆ ఏడాది ‘క్లౌడ్‌లెట్’ ఆలోచనను ముందుకు తెచ్చారు. ఎక్కడో దూరాన ఉన్న డేటా సెంటర్ దాకా పోకుండా, వైఫైకి అందే దూరంలోనే ఒక చిన్న సర్వర్ ఉంచడం దాని సారం. 2010లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పాలుపంచుకున్న ‘మౌయి’, 2011లో ఇంటెల్ ప్రయోగశాల నుంచి వచ్చిన ‘క్లోన్‌క్లౌడ్’ రెండూ ప్రోగ్రామ్‌లో ఏ భాగాన్ని ఫోనులో నడపాలి, దేన్ని బయటికి పంపాలి అని తేల్చే పద్ధతులే. అందుకే పుస్తకాలు ఆఫ్‌లోడింగ్ (ఇలా పనిని బయటికి పంపడం) గురించి, వర్చువల్ మెషిన్ల (ఒక కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో నడిపే మరో కంప్యూటర్ల) గురించి, మనది కాని సర్వర్ ఇచ్చిన జవాబు సరైనదో కాదో తేల్చుకోవడం గురించి అన్ని పేజీలు కేటాయించాయి. ఈ పదిహేనేళ్లలో ఫోను బలపడింది. ఇప్పుడు లెక్క కోసం కన్నా సమాచారం కోసమే ఫోను క్లౌడ్ మీద ఆధారపడుతోంది. ప్రమాదం కూడా సమాచారం ఉన్న చోటికి మారింది. పరీక్షకు పుస్తకం చదవండి, యాప్‌కు మాత్రం ఇప్పటి ప్రమాదాలను లెక్కలోకి తీసుకోండి.

యజమాని గారి మాటకు వద్దాం. క్లౌడ్ కంపెనీలు తమ ఒప్పందాల్లోనే ‘ఉమ్మడి బాధ్యత’ అని రాసుకుంటాయి. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ గేటు కాస్తాడు, ఫ్లాట్ తలుపు మనమే వేసుకోవాలి, ఇదీ అంతే. భవనం, కరెంటు, డిస్కులు, అడుగున నడిచే సాఫ్ట్‌వేర్ వాళ్ల బాధ్యత. ఎవరికి ఏ అనుమతి ఇచ్చారు, ఏ ఫోల్డర్ తెరిచి ఉంచారు, కీలు (క్లౌడ్‌ను తెరిచే రహస్య సంకేతాలు) ఎక్కడ దాచారు అన్నవి మీ బాధ్యత. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి ఆ దేశంలో పది కోట్ల మందికి పైగా, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు పోయాయి. వాళ్లు వాడింది అమెజాన్ క్లౌడే. బయటి నుంచి వచ్చే అభ్యర్థనలను వడకట్టే ఫైర్‌వాల్ సరిగా అమర్చకపోవడం, దానికి అవసరానికి మించిన అనుమతులు ఇవ్వడం కారణాలు. మరుసటి ఏడాది నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. వేసింది బ్యాంకు మీద. ఈ ఒక్క సంగతి యజమాని గారికి చెప్పండి.

ఇక అసలు సవాళ్లు. మొదటిది, యాప్‌లో రహస్యాలు దాచడం. ఆండ్రాయిడ్ యాప్‌ను ఫోనులో పెట్టే ఏపీకే ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. ఎవరైనా దాన్ని విప్పవచ్చు. అందులోని కోడ్‌ను మళ్లీ చదవగలిగే జావా భాషలోకి మార్చే ఉచిత సాధనాలున్నాయి. అలా మార్చి, అక్షరాల వరసల్లో ‘ఏకేఐఏ’ (AKIA) అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాల కోసం వెతికితే అమెజాన్ యాక్సెస్ కీ ఉంటే దొరికిపోతుంది, ఎందుకంటే దీర్ఘకాలం పనిచేసే కీలు ఆ అక్షరాలతోనే మొదలవుతాయి. పక్కనే రహస్య కీ కూడా ఉంటుంది. ఈ పని చేయడానికి హ్యాకర్ కానక్కరలేదు, మీ జూనియర్‌కు చూపిస్తే వాడూ చేస్తాడు. కోడ్‌ను చిందరవందర చేసే సాధనాలు వాడామని కొందరు ధీమా పడతారు. అవి పేర్లను మారుస్తాయి గాని సాధారణంగా కీని మార్చవు, మారిస్తే అది పనిచేయదు కదా.

2022లో సిమాంటెక్ పరిశోధకులు ఇలా కీలు యాప్‌లోనే వదిలేసిన 1,859 యాప్‌లను గుర్తించారు. వాటిలో 98 శాతం ఐఫోన్ యాప్‌లు కావడం, ఐఫోన్ అయితే భయం లేదనుకునేవాళ్లకు సమాధానం. 77 శాతం యాప్‌లలోని కీలు అప్పటికి పనిచేస్తూనే ఉన్నాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకొకటి: సగానికి పైగా యాప్‌లలో ఉన్న కీలే వేరే కంపెనీల యాప్‌లలోనూ కనిపించాయి. అంటే కీని వదిలేసింది యాప్ రాసినవాళ్లు కాదు, వాళ్లు తెచ్చి కలుపుకున్న తయారు లైబ్రరీ. అలాంటి ఒక లైబ్రరీ కారణంగా ఐదు బ్యాంకు యాప్‌ల వినియోగదారులవి మూడు లక్షలకు పైగా వేలిముద్రలు క్లౌడ్‌లో బట్టబయలయ్యాయి. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు, వేలిముద్ర మార్చుకోలేం. కాబట్టి మీరు కలుపుకునే ప్రతి లైబ్రరీ ఎక్కడితో మాట్లాడుతోందో చూడండి. రహస్య కీతో చేయాల్సిన పని ఏదైనా మీ సర్వర్ చేయాలి, ఫోను సర్వర్‌ను అడగాలి.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. గూగుల్ ఇచ్చే తయారు క్లౌడ్ సేవ ఫైర్‌బేస్ వాడితే దాని ఏపీఐ (యాప్, సర్వర్ మాట్లాడుకునే దారి) కీ యాప్‌లోనే ఉంటుంది కదా అని. ఆ కీ రహస్యం కాదు, మీ ప్రాజెక్టును గుర్తుపట్టడానికి ఉన్నది. అది ఏ సేవలకు పనికిరావాలో కన్సోల్‌లో (సెట్టింగుల పేజీలో) పరిమితం చేసి ఉంచండి, చాలు. ఫైర్‌బేస్‌లో సమాచారాన్ని కాపాడేవి రూల్స్, అంటే ఎవరు ఏది చదవవచ్చో, ఏది రాయవచ్చో మీరు రాసిపెట్టే నియమాలు. రెండో పెద్ద సవాలు అక్కడే ఉంది, దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. విద్యార్థి ప్రాజెక్టులు, చిన్న కంపెనీల యాప్‌లు నేను చూసినంతలో ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటున్నాయి.

కొత్త డేటాబేస్ మొదలుపెట్టేటప్పుడు ‘టెస్ట్ మోడ్’ ఎంచుకుంటే 30 రోజుల పాటు ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా రాయవచ్చు. గడువు దగ్గర పడగానే హెచ్చరిక మెయిల్ వస్తుంది. ఆ సమయానికి యాప్ పూర్తయి ఉండదు, డెమో దగ్గర పడి ఉంటుంది, తేదీని ఇంకో ఏడాది ముందుకు జరిపేస్తారు. ఇంకొంత జాగ్రత్తపరులు ‘లాగిన్ అయి ఉంటేనే చదవాలి’ అని రూల్ రాసి ఊరుకుంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కాని మీ యాప్‌లో ఎవరైనా సొంతంగా ఖాతా తెరుచుకోవచ్చు. అలా తెరిచిన ప్రతివాడూ ‘లాగిన్ అయినవాడే’. వాడికి రోగులందరి రిపోర్టులూ తెరుచుకుంటాయి. రూల్ చెప్పాల్సింది లాగిన్ అయ్యాడా అని కాదు, ఈ రిపోర్టు ఈ మనిషిదేనా అని.

ఇది కొత్త సమస్య కాదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు 2015లోనే ఇలాంటి తయారు క్లౌడ్ సేవల్లో కాపలా లేని రికార్డులు 5.6 కోట్లు ఉన్నాయని బయటపెట్టారు. 2018లో యాప్‌థారిటీ అనే సంస్థ చూసినప్పుడు సుమారు మూడు వేల యాప్‌ల వెనక రెండు వేలకు పైగా ఫైర్‌బేస్ డేటాబేస్‌లు తెరిచి ఉన్నాయి, పది కోట్లకు మించిన రికార్డులతో. 2025 జులైలో అమెరికాలో ‘టీ’ అనే యాప్ విషయంలో ఏమైందో తప్పక చదవండి. ఆడవాళ్ల భద్రత కోసమని పెట్టిన యాప్ అది. మహిళలే అని నిర్ధారించుకోవడానికి సెల్ఫీలు, గుర్తింపు కార్డుల ఫోటోలు తీసుకునేవారు. పాత నిల్వ ఒకటి కాపలా లేకుండా ఉండిపోయింది. సుమారు 72 వేల చిత్రాలు బయటికొచ్చాయి, అందులో 13 వేల దాకా సెల్ఫీలు, గుర్తింపు కార్డులే. ఆ తర్వాత పది లక్షలకు పైగా వ్యక్తిగత సందేశాలు కూడా బయటపడ్డాయని తేలింది. నిర్ధారణ అయిపోయాక ఆ ఫోటోలతో పనేముంది? తీసేసి ఉంటే పోయేవి కావు. మీ సెంటర్ కూడా ఆధార్ కార్డు ఫోటో అడుగుతుంటే ఎందుకు అడుగుతున్నారో ఒకసారి కూర్చుని ఆలోచించండి.

మూడోది నేను పరీక్షించిన యాప్‌లలో మళ్లీ మళ్లీ కనిపించేది. రోగి తన రిపోర్టు నొక్కగానే ఫోను సర్వర్‌కు ఒక అభ్యర్థన పంపుతుంది, అందులో రిపోర్టు సంఖ్య ఉంటుంది, ఉదాహరణకు 48213. ఫోనుకూ సర్వర్‌కూ మధ్య జరిగే సంభాషణను చూపించే ప్రాక్సీ సాధనం పెట్టుకుని ఆ సంఖ్యను 48214గా మార్చి పంపితే ఇంకెవరిదో రిపోర్టు వచ్చేస్తుంది. ఒక ల్యాబ్ యాప్‌లో ఇలా మార్చగానే ఒక గర్భిణి స్కాన్ రిపోర్టు పేరుతో, వయసుతో, ఫోన్ నంబరుతో సహా తెర మీదకు వచ్చింది. ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారాన్ని సంకేతాల్లోకి మార్చడం) సక్రమంగా ఉంది, లాగిన్ సక్రమంగా ఉంది, సర్వర్ మంచి కంపెనీది. అడుగుతున్నది ఎవరో సర్వర్ చూసింది, అడిగింది అతనిదేనా అని మాత్రం చూడలేదు. సాఫ్ట్‌వేర్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ ఏపీఐ భద్రతా లోపాల జాబితాలో 2019లోనూ 2023లోనూ మొదటి స్థానం ఈ లోపానిదే. వరస సంఖ్యల బదులు ఊహించలేని పొడవైన గుర్తులు వాడితే మేలే గాని అది మందు కాదు. ప్రతి అభ్యర్థన దగ్గరా ‘ఈ రిపోర్టు ఈ ఖాతాదేనా’ అన్న తనిఖీ సర్వర్‌లో ఉండాలి.

ఫైలు ఇచ్చే పద్ధతిలోనూ ఇదే చిక్కు. ఫైర్‌బేస్ స్టోరేజ్ ఇచ్చే డౌన్‌లోడ్ లింకు చేతిలో ఉంటే రూల్స్‌తో సంబంధం లేకుండా ఎవరైనా ఆ ఫైలు తెరవగలరు. ఆ లింకును వాట్సాప్‌లో ఎవరికో పంపితే అది అలాగే తిరుగుతూ ఉంటుంది. కొద్ది నిమిషాల్లో చెల్లకుండా పోయే, డిజిటల్ సంతకం చేసిన లింకులను సర్వర్ నుంచి ఇవ్వండి.

నాలుగోది పుస్తకాల్లో కనిపించదు, మన ఊళ్లలో మాత్రం చాలా ముఖ్యం. ఫోన్ నంబరు అంటే ఒక మనిషి అని యాప్‌లు అనుకుంటాయి. మన ఇళ్లలో ఒకే నంబరు అమ్మకు, నాన్నకు, అమ్మమ్మకు, కోడలికి కూడా రాసి ఉంటుంది. పల్లె నుంచి వచ్చిన పెద్దాయన కొడుకు నంబరు చెబుతాడు, ఒక్కోసారి తోడు వచ్చిన పక్కింటి కుర్రవాడి నంబరు. ఓటీపీ ఆ నంబరుకు వెళ్తుంది, రిపోర్టులన్నీ ఆ ఫోనులో కనిపిస్తాయి. పెళ్లికాని అమ్మాయి గర్భ నిర్ధారణ పరీక్ష, ఎవరిదైనా హెచ్ఐవీ పరీక్ష, మానసిక వైద్యుడు రాసిన పరీక్షలు ఇంటిల్లిపాదికీ తెలిసిపోతే ఆ మనిషికి జరిగే నష్టాన్ని ఏ ఎన్‌క్రిప్షనూ ఆపదు. నా దృష్టిలో మీ యాప్‌కు అన్నిటికన్నా పెద్ద గోప్యతా సమస్య ఇదే. నంబరు ఒకటే అయినా రోగులు వేరు అని డేటాబేస్‌లో మొదటి రోజే విడదీయండి. ఒక్కో రోగికి సెంటర్ కౌంటర్‌లో ఇచ్చే ప్రత్యేక పిన్ ఉండాలి. కొన్ని పరీక్షల రిపోర్టులు యాప్‌లో చూపించకుండా చేతికే ఇవ్వాలా అన్నది సెంటర్ డాక్టరును అడిగి తేల్చుకోండి. నోటిఫికేషన్‌లో పరీక్ష పేరు రానీయకండి. ‘మీ రిపోర్టు సిద్ధం’ అంటే చాలు, తెర మీద అది ఎవరి కంటైనా పడుతుంది.

ఓటీపీ గురించి ఇంకో మాట. ఓటీపీని మనిషి నోటితో చెప్పించవచ్చు, అదే దాని బలహీనత. యూపీఐ వాళ్లు ఇక్కడ మంచి దారి ఎంచుకున్నారు. కొత్త ఫోనులో యూపీఐ యాప్ పెట్టినప్పుడు ఆ ఫోను నుంచే ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్తుంది, గమనించారా? అది ఏ సిమ్ నుంచి వచ్చిందో అవతలివైపు చూసి, నంబరును ఆ ఫోనుకు ముడివేస్తారు. మనిషి చదివి చెప్పడానికి అందులో ఏమీ ఉండదు. పిన్ కొట్టే తెర కూడా యాప్‌ది కాదు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఇచ్చిన లైబ్రరీది. పిన్ అక్కడే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, యాప్ కంపెనీకి అది కనిపించదు. అయినా ఫోనులోనే దొంగ యాప్ తిష్ఠ వేసి దానికి అనుమతులు ఉంటే ఎంత కట్టుదిట్టమైన పద్ధతికీ చిల్లు పడవచ్చని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో యూపీఐ తొలి వెర్షన్ మీద చేసిన విశ్లేషణలో చూపించారు. ఆ పత్రం చదవండి, మీ సెమినార్‌కు కూడా పనికొస్తుంది.

ఆ దొంగ యాప్‌లు ఎలా వస్తాయో మీకు తెలిసే ఉంటుంది. ట్రాఫిక్ చలానా అనో, రైతులకు డబ్బులు పడ్డాయనో, పెళ్లి పత్రిక అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తుంది. నొక్కితే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. ఇస్తే తెర మీద కనిపించేదంతా దాని చేతికి పోతుంది. మీ సెంటర్ తన యాప్‌ను వాట్సాప్‌లో ఏపీకేగా పంపిణీ చేయాలని అనుకుంటుంటే ఇప్పుడే ఆపండి. ప్లే స్టోర్‌లోనే పెట్టండి. రోగులకు ఏపీకే నొక్కడం అలవాటు చేసే పని ఆసుపత్రులు, ల్యాబ్‌లు చేయకూడదు. లాగిన్ టోకెన్‌ను (లాగిన్ అయినవారికి సర్వర్ ఇచ్చే గుర్తు) ఆండ్రాయిడ్ కీస్టోర్‌లోని (ఫోనులో కీలను భద్రపరిచే చోటు) కీతో కాపాడండి, టోకెన్ గడువు చిన్నదిగా ఉంచండి. ఫోను పోయిందని రోగి ఫోన్ చేస్తే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఒక్క బటన్‌తో ఆ ఖాతాను అన్ని ఫోన్ల నుంచీ బయటికి పంపగలగాలి. రూట్ చేసిన (వ్యవస్థ పెట్టిన ఆంక్షలు తొలగించిన) ఫోనును గుర్తుపట్టే సాధనాలు వాడితే వాడండి గాని, వాటిని దాటే మార్గాలు కూడా ఉన్నాయి.

పబ్లిక్ వైఫై ప్రమాదం గురించి పుస్తకాలు చెప్పేదానికి ఇప్పుడు అంత బరువు లేదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఎన్‌క్రిప్షన్ లేని సంభాషణను వ్యవస్థే మామూలుగా అడ్డుకుంటుంది. అయితే టెస్టింగ్ సమయంలో సర్టిఫికెట్ (సర్వర్ అసలైనదేనన్న రుజువు) ఎర్రర్ వస్తోందని, తనిఖీనే తీసేసే కోడ్ ముక్క ఎక్కడినుంచో తెచ్చి అతికించి, విడుదలప్పుడు దాన్ని అలాగే వదిలేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ కోడ్‌లో అలాంటిది ఉందేమో వెతకండి.

సెంటర్‌లోనే సర్వర్ పెట్టుకుందామన్న మీ స్నేహితుడికి: ఆ భయం అర్థం చేసుకోగలను. కాని 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది చూడండి. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దొంగ ప్రోగ్రామ్) దాడిలో ఆసుపత్రి సొంత సర్వర్లే స్తంభించాయి, రోజుల తరబడి ఓపీ చీటీలు చేతితో రాశారు. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అంత పెద్ద సంస్థకే కష్టమైన పని, రిసెప్షన్ బల్ల కింద పెట్టిన కంప్యూటర్‌తో మీ సెంటర్ చేయలేదు. క్లౌడే తీసుకోండి. దేశంలోనే ఉంచండి. అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి కేంద్రాలున్నాయి కాబట్టి అసలు ఒక చోట, నకలు రెండో చోట పెట్టుకునే వీలుంది.

నకలు అన్న మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే సమాచారం దొంగల పాలు కావడం గురించే అందరూ మాట్లాడతారు, అసలే లేకుండా పోవడం గురించి తక్కువ. 2022 అక్టోబరు 15న దక్షిణ కొరియాలో పంగ్యో డేటా సెంటర్‌లో బ్యాటరీలకు నిప్పంటుకుంది. ఆ దేశంలో దాదాపు అందరూ వాడే కాకావ్‌టాక్ ఆగిపోయింది. సందేశాలే కాదు, చెల్లింపులు, టాక్సీలు అన్నీ. పూర్తిగా కోలుకోవడానికి 127 గంటలకు పైగా పట్టింది. రెండో ఉదాహరణ 2014 నాటిది, చిన్న సంస్థలకు ఇంకా దగ్గరిది. కోడ్ స్పేసెస్ అనే కంపెనీ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్ ఒక దుండగుడి చేతికి చిక్కింది. డబ్బు ఇవ్వమన్నాడు, ప్యానెల్‌ను తిరిగి దక్కించుకోవాలని వాళ్లు ప్రయత్నిస్తుండగానే సర్వర్లనూ బ్యాకప్‌లనూ చెరిపేశాడు. బ్యాకప్‌లు కూడా అదే ఖాతా కింద ఉన్నాయి. కంపెనీ మూతపడింది. కాబట్టి మీ బ్యాకప్ వేరే ఖాతాలో ఉండాలి, దాన్ని చెరిపే అధికారం రోజువారీ వాడే లాగిన్‌కు ఉండకూడదు. ప్రధాన ఖాతాకు రెండంచెల లాగిన్ ఈ రోజే పెట్టండి. బ్యాకప్ నుంచి నిజంగా తిరిగి తెచ్చుకోగలమా అని అప్పుడప్పుడు చేసి చూడండి.

పుస్తకంలోని ఆఫ్‌లోడింగ్ ఇప్పుడు కృత్రిమ మేధ రూపంలో మళ్లీ వస్తోంది. ఫోనులో నడపలేని పెద్ద మోడల్‌కు మన మాటలు, మన ఫోటోలు క్లౌడ్‌కు వెళ్తున్నాయి. 2024లో ఆపిల్ ‘ప్రైవేట్ క్లౌడ్ కంప్యూట్’ పేరిట, పని అయ్యాక సమాచారం నిల్వ ఉండని సర్వర్లను, వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్‌ను బయటి పరిశోధకులు పరిశీలించే వీలును ప్రకటించింది. లెక్క చేసే సర్వర్‌ను ఎలా నమ్మడం అన్న ఆ పాత ప్రశ్నకు ఇది ఒక గట్టి ప్రయత్నం. మీ యాప్‌కు దీని అర్థం ఒకటే. రిపోర్టును తెలుగులో వివరించే సౌకర్యం పెడదామని ఎప్పుడైనా అనిపిస్తే, రోగి పేరు, నంబరు ఉన్న రిపోర్టును అలాగే బయటి సేవకు పంపకండి. పేరు తీసేసి, రోగి అనుమతి తీసుకుని పంపండి.

చట్టం సంగతి క్లుప్తంగా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రతా ఏర్పాట్లు చేయకపోతే రూ. 250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. నియమావళి 2025 నవంబరులో వెలువడింది, దశలవారీగా అమల్లోకి వస్తోంది. దీనికన్నా ముందే, 2022 నుంచి, సైబర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలున్నాయి: సమాచారం బయటపడటం లాంటి ఘటన తెలిసిన ఆరు గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లు (వ్యవస్థలో ఏమేం జరిగిందన్న నమోదులు) 180 రోజులు ఉంచాలి. రిపోర్టులు సెంటర్‌వి, కాబట్టి ప్రధాన బాధ్యత సెంటర్‌దే. మీరు విద్యార్థులైనా సరే, ఎవరు దేనికి బాధ్యులో యజమానితో ఒక కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని ఇది. వేర్వేరు నంబర్లతో రెండు ఉత్తుత్తి రోగుల ఖాతాలు తెరవండి. ఒకరి టోకెన్‌తో రెండోవారి రిపోర్టు, ప్రొఫైల్, బిల్లు, స్కాన్ చిత్రం ఒక్కొక్కటే అడిగి చూడండి. చదవడమే కాదు, మార్చడం, చెరపడం కూడా. తర్వాత టోకెన్ లేకుండానే అడగండి. అన్నిటికీ సర్వర్ కుదరదనాలి. ఏ ఒక్కటి తెరుచుకున్నా నిజమైన రోగి సమాచారం అందులో పెట్టకండి. ఈ పరీక్షలను కోడ్‌లో భాగంగా రాసి ఉంచితే రేపు కొత్త ఫీచర్ చేర్చినప్పుడు తలుపు తెరుచుకున్నా అవే పట్టిస్తాయి.

ఆ పరీక్ష చేసి, మీ రూల్స్ ఫైలూ రిపోర్టు ఇచ్చే ఏపీఐ కోడూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. పెట్టేముందు కీలు, నిజమైన పేర్లు తీసేయండి. ఏదైనా కీ ఇప్పటికే గిట్‌లోకి (కోడ్‌లో చేసిన మార్పులన్నిటినీ దాచే సాధనం) వెళ్లి ఉంటే ఫైలు చెరిపితే సరిపోదు, పాత చరిత్రలో అది ఉండిపోతుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి.